మైకు జనం వైపు తిప్పిన మాట

"ముద్దాయిలు ముగ్గురూ ఒక్క గదిలోనే దొరికారు. మంచిదే అయింది. విడివిడిగా తిట్టే ఓపిక నాకు లేదు."

బూరుల్ వంటింటి గుమ్మంలో నిలబడి వేలు చూపించింది. మొదట తమ్ముడు మిర్లాన్ వైపు. తరువాత పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చున్న డ్రమ్ముల తిలేక్ వైపు. ఆ వేలు మరదలు సాల్కిన్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఇక కదల్లేదు.

"మా నాన్న మూడు రోజులుగా ఈ ఇంటి టీ ముట్టలేదు. పెరట్లో వేసవి వంటగదిలో ఒంటరిగా పడుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళు ట్రాలీబస్సు నడిపి ఒకరి చేత మాట పడని మనిషి! ఇవాళ బజారుకి వెళ్ళాలంటే సిగ్గుపడుతున్నాడు. ఎవరివల్ల? నీవల్ల, వీడివల్ల, ఆ డ్రమ్ములవల్ల."

"డ్రమ్ములకి నోరు లేదు, ఎజే," అన్నాడు తిలేక్. ఎజే అంటే అక్క; మిర్లాన్ అక్క అతనికీ అక్కే.

"నీకుందిగా. ఆ నోటితోనే కదా ఈ పిల్లని ఊళ్ళు తిప్పుతున్నావు! తిబిలిసి అయింది, ఇప్పుడు వార్సా అట, ప్రాగ్ అట, బెర్లిన్ అట. చంద్రుడి మీద సీట్లు దొరకలేదా?"

"అడిగాం. అక్కడ కరెంటు లేదన్నారు."

సాల్కిన్ నవ్వలేదు. సేమియాకి పిండి సాగదీస్తోంది. మోచేతుల దాకా పిండి. తల గుడ్డ జారి మెడ మీదికి వచ్చింది, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. జూన్ మొదటి వారం. పోప్లార్ చెట్ల దూది కిటికీ జల్లెడకి అంటుకుని లోపలికి రావాలని చూస్తోంది.

"మాట్లాడవేమ్మా, కెలిన్, ఇంటి కోడలా? అక్కడ మూడు వేల మంది ముందు గొంతు బాగానే లేచిందే!"

బూరుల్ ఫోను తీసి బల్ల మీద, సరిగ్గా పిండి ముందు పెట్టింది. సాల్కిన్ ఈ మూడు రోజుల్లో ఆ వీడియో చూడలేదు. చూసే ధైర్యం లేక చూడలేదు. ఇప్పుడు తప్పలేదు.

తెర మీద తిబిలిసి. ఎర్ర లైట్లు, పొగ, ఊగుతున్న తలలు. మధ్యలో తను. తల మీద గుడ్డ లేదు. మెడ నరాలు తేలేలా పాడుతోంది.

కంచె దూకిన గుర్రం ఎర్కిన్!
కనుమ దాటిన గాలి ఎర్కిన్!
కడుపులో దాచిన మాట...

"ఎర్కిన్! ఎర్కిన్!" అని మూడు వేల మంది జార్జియా వాళ్ళు పిడికిళ్ళెత్తి అరిచారు. ఆ మాటకి అర్థం వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఎర్కిన్ అంటే స్వేచ్ఛ. ఎర్కిన్ అంటే మామగారు కూడా. మామ పేరు కోడలు నోట పలకకూడదు. పేరొక్కటే కాదు, ఆ పేరులో ఏ మాట దాక్కుంటే ఆ మాట కూడా పలకకూడదు. అంటే పెళ్ళయి ఈ గేటు లోపలికి వచ్చిన రోజు నుంచి సాల్కిన్ నోటికి స్వేచ్ఛ అనే మాట నిషేధం. వినడానికి ఎవరో అల్లిన కథలా ఉంటుంది. కథ కాదు, కాపురం.

"పదకొండు సార్లు!" అంది బూరుల్. "వేళ్ళు మడిచి చూశాను. పదకొండు సార్లు మా నాన్నని పేరుపెట్టి పిలిచావు, తప్పిపోయిన మేకని పిలిచినట్టు. ఫోనులో చుట్టాల గుంపులో రెండొందల మంది ఉన్నారు, రెండొందల మందీ చూశారు. చదరంగం ఆడే ముసలాళ్ళు ఏమన్నారో తెలుసా? 'ఏం ఎర్కిన్, జార్జియాలో నిన్ను తెగ పిలుస్తున్నారట, ఇంకా బయల్దేరలేదా?' అన్నారు. మా నాన్న బల్ల తన్నేసి వచ్చేశాడు."

తిలేక్ నవ్వు దగ్గులోకి మార్చుకున్నాడు. బూరుల్ చూడనే చూసింది.

"దగ్గు. బాగా దగ్గు. నీ ఇంట్లో ముసలాడు కాదుగా."

"ఎజే, ఒక్క మాట విను. తిబిలిసికి ముందు రెండేళ్ళు ఈ పిల్ల ఆ మాట అనలేదు. ఒక్కసారి కూడా. నేను వెనక కూర్చుని చూస్తున్నవాణ్ణి, నాకు తెలుసు."

అది నిజం. పాట సాల్కిన్‌దే. పంతొమ్మిదేళ్ళప్పుడు, హాస్టల్లో, రసాయనశాస్త్రం నోటుపుస్తకం వెనక రాసుకుంది. అప్పటికి ఆమెకి మిర్లాన్ ఎవరో తెలియదు, అతని తండ్రి పేరేమిటో అంతకన్నా తెలియదు. పెళ్ళయిన రెండో రోజున అత్తగారు జూరా దగ్గర కూర్చోబెట్టుకుని ఈ ఇంట్లో అనకూడని ఏడు పేర్లు చెప్పింది. ఆరు పేర్లకి సాల్కిన్ తలూపింది. ఏడోది విని కిందికి చూసింది.

పెళ్ళయ్యాక మొదటి కచేరీలో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగింది. అప్పుడు చెయ్యి దానంతట అదే మైకుని జనం వైపు తిప్పింది. జనం అరిచారు. హాలు కప్పు ఎగిరిపోయిందనుకున్నారు. మర్నాడు పత్రికలో రాశారు, స్వేచ్ఛని జనం గొంతులో పెట్టిన గాయని అని! రాసినవాడికేం తెలుసు. ఆ రోజు నుంచి అది తాష్‌జోల్ బ్యాండు ప్రత్యేకత అయిపోయింది. గుర్రం సాల్కిన్ పాడుతుంది, గాలి సాల్కిన్ పాడుతుంది, స్వేచ్ఛ జనం పాడతారు. ఒక కోడలి భయాన్ని ఊరంతా కళ అనుకుని చప్పట్లు కొట్టింది.

భయం పాటతో ఆగలేదు. ఊరి నడిబొడ్డున ఓక్ చెట్ల వీధికి స్వేచ్ఛ పేరే ఉంది. ఆ వీధికి టాక్సీ పిలవాలన్నా సాల్కిన్ పాత పేరే చెప్పేది, జెర్జింకా అని. అది సోవియట్ రోజుల్లో రహస్య పోలీసుల పెద్ద పేరు మీద పెట్టిన పేరు. స్వేచ్ఛ అనకూడదు, పోలీసు పెద్ద పేరు అయితే పరవాలేదు. మర్యాద అంటే అదీ.

"ఇక్కడ మైకు తిప్పితే జనం అందుకుంటారు," తిలేక్ చెబుతున్నాడు. "తిబిలిసిలో మొదటిరోజు అలాగే తిప్పింది. ఎవరందుకుంటారు? వాళ్ళకి మన భాష వచ్చా? గోడకి మైకు పెట్టినట్టయింది. పాట మధ్యలో గుంత. పదకొండు చోట్ల పదకొండు గుంతలు. కచేరీ పెట్టించినాయన వచ్చి, మీ మైకు చెడిపోయిందా అని అడిగాడు. రెండోరోజు పాడక ఏం చేస్తుంది?"

"పాడకుండా ఉండాల్సింది."

"పాడటానికేగా వెళ్ళింది!"

"ఇంకో మాట పెట్టుకోవాల్సింది. భాషలో మాటలకి కరువా?"

బయట చెప్పులు విడిచిన చప్పుడు. జూరా లోపలికి వచ్చింది, చేతిలో మూత పెట్టిన చిన్న క్యాను. అరవై నాలుగేళ్ళ మనిషి, నడుము కొంచెం వంగింది, చూపు మాత్రం వంగలేదు. గదిలోని ముఖాలు ఒక్కొక్కటే చూసింది, ఎక్కడిదాకా వచ్చిందో అర్థం చేసుకుంది.

"కెలిన్, తెల్లది తెచ్చాను. పొయ్యి మీద పెట్టు, విరిగిపోతుంది."

సాల్కిన్ చేతులు కడుక్కుని క్యాను అందుకుంది. తెల్లది అంటే పాలు. జూరా మామగారి పేరు సుత్‌బెక్. సుత్ అంటే పాలు. అందుకని జూరా ఈ గుమ్మం ఎక్కిన నాటి నుంచి పాలని పాలనలేదు.

"అపా, నువ్వు చెప్పు," అంది బూరుల్ తల్లితో. "నువ్వెలా నెట్టుకొచ్చావో చెప్పు ఈవిడకి."

"ఏముంది చెప్పడానికి. నలభై ఒక్క ఏడాది తెల్లది అన్నాను. నోరేం పడిపోలేదు."

"మీ మామగారు పోయి ఎన్నేళ్ళయింది, అపా?" అని అడిగింది సాల్కిన్. ఉదయం నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"ఇరవై తొమ్మిది."

"ఇంకా తెల్లదే అంటున్నారు."

జూరా గరిటెతో పాలు కలిపింది. పాల గిన్నెలోకి చూస్తూ నిలబడింది. ఎవరితోనో తెలియకుండా అంది. "మొన్న దుకాణంలో ఆ పిల్ల ఏం కావాలమ్మా అని అడిగింది. మాట నాలుక దాకా రాలేదు. మర్చిపోయాను. వేలు చూపించి తెచ్చుకున్నాను."

తిలేక్ చెయ్యి చాపి పొయ్యి మంట తగ్గించాడు. పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి.

బూరుల్‌కి ఆ మాట నచ్చలేదు. "సరే, ఇది వినండి. మధ్యాహ్నం నాన్న లోపలికి వస్తానన్నాడు. అందరి ముందూ తన మాట చెబుతాడు. కెలిన్, నువ్వు వంగి దణ్ణం పెట్టు. ఆ పాట ఇక జన్మలో పాడనని చెప్పు. పాడతానంటే శనివారం విమానం మాట మర్చిపో."

"ఆ పాట లేకపోతే విమానమే లేదు," అన్నాడు తిలేక్. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "వార్సాలో గోడల మీద అంటించిన కాగితం మీద ఉన్నది మా మొహాలు కాదు, ఆ పాట పేరు. దాని కోసమే పిలిచారు. పన్నెండేళ్ళు పెళ్ళిళ్ళలో వాయించాం, ఎజే. తాగినవాళ్ళ కాళ్ళ దగ్గర వాయించాం. ఇప్పుడు మొదటిసారి ఒకరు మా పాట కోసం పిలిచారు. సాల్కిన్ పాడకపోతే మళ్ళీ పెళ్ళిళ్ళే."

"పెళ్ళిళ్ళు తప్పా?"

"తప్పు కాదు. చాలు."

సాల్కిన్ టీ పోసింది. తిలేక్‌కి పింగాణీ చిప్పలో సగం. జూరాకి అరచిప్ప. మర్యాదస్తులకి ఎప్పుడూ సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. బూరుల్‌కి ఇచ్చే చిప్ప మాత్రం అంచు దాకా నింపింది. ఒక్క చుక్క ఎక్కువైతే ఒలికిపోయేలా నింపి, రెండు చేతులతో అందించింది.

బూరుల్ చిప్ప వైపు చూసింది. మరదలి వైపు చూసింది. ముఖం ఎర్రబడింది.

"నన్ను పొమ్మంటున్నావా? నేను పుట్టిన ఇంట్లోంచి?"

"చెయ్యి వణికింది, ఎజే."

"వణికితే ఒలుకుతుంది. నిండదు."

టీ అలాగే బల్ల మీద వదిలేసి బూరుల్ పెరట్లోకి, తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది. జూరా కూతురి వెనకాలే వెళ్ళింది. తిలేక్ లేచి, వాకిట్లో వ్యానులో సామాను సర్దాలని గొణిగి తప్పుకున్నాడు. అందరూ నలిగిపోయే చోట నిలబడటం అతనికి చేతకాదు. డ్రమ్ముల వెనక దాక్కోవడం అలవాటైన మనిషి.

వంటింట్లో మొగుడూ పెళ్ళాం మిగిలారు.

ఇంత గొడవలో మిర్లాన్ ఒక్క మాట మాట్లాడలేదని మీరు గమనించే ఉంటారు. సాల్కిన్ కూడా గమనించింది.

"ఆ వీడియో నీ ఫోనులోది," అంది.

రొట్టె మీద ఆప్రికాట్ జామ్ రాసుకుంటున్న మిర్లాన్ చెంచా ఆగింది.

"ఏ వీడియో?"

"ఈ ఇంట్లో రెండు వీడియోలున్నాయా?"

"ఎవరో జార్జియావాడు తీసుంటాడు. నువ్వే అన్నావుగా మొన్న."

"మొన్న నేను చూడలేదు. ఇప్పుడు చూశాను. ఎడమ మూలన ఎర్ర ఉన్ని పట్టీ ఊగుతోంది. మీ అమ్మ కుట్టిన పట్టీ. నీ గిటారుది. నీ వెనక స్పీకరు పెట్టె మీద ఫోను నిలబెట్టి నువ్వే తీస్తావు ప్రతి కచేరీ. జార్జియా వాళ్ళెవరూ నీ వీపు వెనక నిలబడలేదు."

కొళాయి కారుతోంది. మిర్లాన్ లేచి దాన్ని బిగించాడు. బిగించినా కారింది. మళ్ళీ బిగించాడు.

"వార్సా వాళ్ళు అడిగారు," అన్నాడు కొళాయితో. "టికెట్లు కదలడం లేదన్నారు. జనాన్ని పట్టేసే ముక్క ఒకటి పంపమన్నారు. పాటల వీడియోలు పెట్టేవాళ్ళకి ఇచ్చాను. మన దగ్గర అలాంటిది అదొక్కటే ఉంది."

"మొదటిరోజుది ఇవ్వాల్సింది."

"మొదటిరోజు నువ్వు మైకు తిప్పితే చావు ఇంట్లో ఉన్నట్టుంది. అది చూపిస్తే కొన్నవాళ్ళు కూడా వెనక్కి ఇచ్చేస్తారు."

"ఇక్కడి వాళ్ళు చూస్తారని తెలీదా నీకు?"

"తెలుసు." మళ్ళీ కొళాయి తిప్పుతూ, "ఇంత తొందరగా చూస్తారనుకోలేదు."

"మూడు రోజులు!" సాల్కిన్ గొంతు పెద్దది కాలేదు. ఇంకా చిన్నదైంది. పెద్ద గొంతు ఆమె స్టేజీ మీద ఖర్చు పెడుతుంది, ఇంట్లో ఇదే. "మూడు రోజులుగా మీ అక్క నా తల మీద కూర్చుని అరుస్తోంది. ఇరుగూ పొరుగూ గోడ మీంచి చూస్తున్నారు. మీ నాన్న నా చేతి టీ ముట్టడం లేదు. వీడియో నేనే పంచుకున్నాను, గొప్ప కోసం, అని మొత్తం చుట్టాలు అనుకుంటున్నారు. నువ్వు పక్కన కూర్చుని జామ్ తింటున్నావు."

మిర్లాన్ చేతిలో రొట్టె వైపు చూసుకుని బల్ల మీద పెట్టేశాడు.

"నేను చెబితే నాన్న నన్ను బతకనివ్వడు. నువ్వైతే... కోడలివి. నాలుగు మాటలంటారు. ఓ దణ్ణం పెడితే అయిపోతుంది."

"నాకు అయిపోతుంది. నీకైతే ప్రాణం పోతుంది."

"అలా అనకు. చూడు, దీనికి దారి ఉంది. నేను ఆలోచించాను. వార్సాలో ఆ ఒక్క మాట నేను పాడతాను. నాన్న పేరు నేనంటే తప్పు లేదు. నువ్వు గుర్రం పాడు, గాలి పాడు, ఆ మాట దగ్గర ఆగు. నేనందుకుంటాను. ఎవరికీ బాధ ఉండదు."

సాల్కిన్ అతని వైపు చూసింది. ఈ మనిషిని ఆమె ప్రేమించి చేసుకుంది. పెళ్ళికి ముందు రిహార్సల్ గదిలో ఇతనే, నీ గొంతుకి అడ్డం వచ్చినవాణ్ణి తంతాను అన్నాడు. ఇప్పుడు అడ్డంగా తనే నిలబడ్డాడు, అదీ సాయం చేస్తున్నానని.

"గుర్రం నాది. గాలి నాది. స్వేచ్ఛ దగ్గరికి వచ్చేసరికి నీదా?"

"మాటేగా!"

"మాటే అయితే మీ నాన్న మూడు రోజులు పస్తుంటాడా? మాటే అయితే నువ్వింత వణుకుతావా?"

అతను దగ్గరికి వచ్చాడు. పిండి అంటిన ఆమె చేతులు పట్టుకున్నాడు. "ఇవాళ ఒక్కరోజు గడవనియ్యి. విమానం ఎక్కేద్దాం. బెర్లిన్ నుంచి వచ్చాక నేనే నాన్నకి చెబుతాను. అమ్మ మీద ఒట్టు."

ఆమె ఏమీ అనలేదు. అతను ఊపిరి పీల్చుకుని ఆమె చేతులు వదిలాడు. నిశ్శబ్దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. ఈ ఇళ్ళలో ఆడవాళ్ళ నిశ్శబ్దాన్ని చదవడానికి మగవాళ్ళకి తెలిసిన అర్థం అదొక్కటే.

మధ్యాహ్నం పెద్దాయన లోపలికి వచ్చాడు.

పాత ట్రాలీబస్సు డిపో కోటు వేసుకున్నాడు, ఇంట్లో మనుషుల మధ్యకి కాక ఆఫీసుకి వచ్చినట్టు గుండీలన్నీ పెట్టుకుని. గడ్డం గీసుకున్నాడు. నేల మీద పరిచిన భోజనాల వస్త్రానికి తలవైపు కూర్చున్నాడు. బూరుల్ అతని పక్కన కూర్చుంది. అవతల జూరా. గుమ్మం దగ్గర మిర్లాన్, తిలేక్. అందరికన్నా కిందుగా, టీ కూజా దగ్గర సాల్కిన్.

ఆమె లేచి వంగి దణ్ణం పెట్టింది. రోజూ పొద్దున పెట్టేదే. పెద్దాయన రోజూ అనే "చల్లగా ఉండు" అనలేదు.

ఆమె చిప్పలో సగం టీ పోసి జూరాకి అందించింది. జూరా మొగుడి ముందు పెట్టింది. ఆయన చిప్ప వైపు చూశాడు. ముట్టలేదు. ఆవిరి లేచి ఆయన గడ్డం దాకా వెళ్ళి విడిపోతోంది.

"నాన్నా, నేను చెప్పాల్సింది చెప్పేశాను," అంది బూరుల్. "కెలిన్ తప్పు ఒప్పుకుంటుంది. ఆ పాట..."

పెద్దాయన చెయ్యెత్తాడు. కూతురు ఆగిపోయింది.

దీవెన తప్ప ఆయన కోడలితో మాట్లాడడు. కోడలు వినేలా టీ కూజాతో మాట్లాడతాడు. రెండేళ్ళుగా ఆ కూజా ఈ ఇంట్లో చాలా విన్నది.

"నేను ముప్పై ఏళ్ళు బండి నడిపాను," అన్నాడు. మూడు రోజులు వాడకపోవడంతో గొంతు బొంగురుపోయింది. "పండగరోజు తాగినోళ్ళు ఎక్కుతారు. వెనక సీట్లో కూచుంటారు. డ్రైవర్ని తిడతారు, డ్రైవరు తల్లిని తిడతారు. దిగిపోతారు. నేను ఎప్పుడన్నా బండి ఆపానా? ఆపలా. వెనక సీట్లో అన్నది వెనక సీట్లోనే ఉంటది. నా దాకా రాదు."

బూరుల్ అవునన్నట్టు తలూపింది.

"కానీ ఒక్కోడుంటాడు. వెనక నుంచి నడిచి ముందుకొస్తాడు. 'అన్నా, నిన్నిలా అంటున్నారు' అని నా చెవిలో చెబుతాడు. వాణ్ణి దించేసేవాణ్ణి. చలికాలమైనా సరే, అక్కడికక్కడే. తిట్టినోణ్ణి కాదు. మోసుకొచ్చినోణ్ణి."

తిలేక్ తల ఎత్తాడు. ఇది ఎటు వెళ్తోందో అతనికి కొంచెం తెలిసింది. మిర్లాన్‌కి మొత్తం తెలిసింది. అతని మెడ మీద చెమట పట్టడం సాల్కిన్‌కి ఇక్కడి నుంచి కనిపించింది.

"తిబిలిసి నాకు వెనక సీటు," అన్నాడు పెద్దాయన. "అక్కడ ఎవరేం పాడుకుంటే నాకేంటి. పాట రాసినప్పుడు ఈ పిల్లకి నేను తెలీదు. నాకూ ఈ పిల్ల తెలీదు. పాడింది. గాల్లో పోయింది. అంతే." చిప్పని పక్కకి జరిపాడు. "దాన్ని మోసుకొచ్చి రెండొందల ఫోన్లలో పోసిందెవరు? చదరంగం బల్ల మీదకి తెచ్చిందెవరు? వాళ్ళు శనివారం ఈ గేటు దాటరు. దాటితే మళ్ళీ లోపలికి రారు. మిగతావాళ్ళకి నేను దీవెన ఇస్తాను. వెళ్ళొచ్చు. పాడుకోవచ్చు. ఏ పాటైనా."

జూరా మొగుడి వైపు తిరిగి చూసింది. నలభై ఒక్క ఏడాదిలో ఇలాంటి మాట ఆమె వినలేదు. ఏ పాటైనా!

సాల్కిన్ తల ఎత్తింది. దారి ఉంది. ఈ ముసలాయన, ఎవరూ ఊహించని ఈయన, దారి తెరిచాడు. బేస్ గిటారు వాయించడానికి తిలేక్ రేపు సాయంత్రంలోగా ఎవరినైనా పట్టుకొస్తాడు. ఆమె గొంతు మాత్రం ఎక్కడా దొరకదు. మిర్లాన్ నోరు విప్పితే అతను ఇంట్లో ఉండిపోతాడు, ఆమె వెళ్తుంది, బ్యాండు బతుకుతుంది. విప్పకపోతే ఆమె ఉంటుంది, అందరూ ఉంటారు.

"ఇంకెవరు, నాన్నా?" అంది బూరుల్. "ఈవిడే. ఇంకెవరికి పనుంది?"

కళ్ళన్నీ సాల్కిన్ మీదికి వచ్చాయి. ఆమె కళ్ళు మిర్లాన్ మీదే ఉన్నాయి. అతను ఎత్తలేదు. రొట్టె ముక్కని వేళ్ళతో నలిపి నలిపి పొడి చేస్తున్నాడు.

"అడుగుతున్నాను," అన్నాడు పెద్దాయన. ఇప్పుడు కూజాతో కాదు, గదితో. "ఎవరు?"

తిలేక్‌కి తెలియదు. తెలియక కళ్ళార్పుతున్నాడు. జూరాకి తెలియదు, తన భయంలో తనుంది. ఇద్దరికే తెలుసు.

మిర్లాన్ గొంతు సవరించుకున్నాడు. సాల్కిన్ కూజా చేతిలోకి తీసుకుంది. చెబుతున్నాడు. ఆలస్యంగానైనా, సిగ్గుపడుతూనైనా, చెబుతున్నాడు.

"వదిలెయ్యండి నాన్నా," అన్నాడు మిర్లాన్, మెత్తగా, పెద్దమనిషిలా. "చిన్నపిల్ల. తెలియక చేసింది."

తిలేక్ గుమ్మం దగ్గర నుంచి సాల్కిన్ వైపు తిరిగాడు.

బూరుల్ ముఖంలో విజయం లేదు, ఆశ్చర్యంగా. ఆమె తమ్ముణ్ణే చూస్తోంది. చిన్నప్పటి నుంచి తెలుసుగా. కిటికీ అద్దం పగలగొట్టి పక్కింటి పిల్ల మీద పెట్టినప్పుడూ ఇదే మెత్తటి గొంతు.

పెద్దాయన నెమ్మదిగా తలూపాడు. "అంటే కెలినే," అన్నాడు. "సరే. శనివారం..."

కూజా నేల మీద పెట్టిన చప్పుడైంది. సాల్కిన్ లేచి నిలబడింది. మామగారి మాట మధ్యలో లేచింది.

"మిర్లాన్!"

జూరా చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. పెద్దవాళ్ళ ముందు మొగుణ్ణి పేరుపెట్టి పిలిచిన కోడలు ఈ ఇంట్లో ఇంతవరకు లేదు. సాల్కిన్ ఎవరి వైపూ చూడలేదు.

"ఇలా చూడు. రొట్టె వైపు కాదు, నా వైపు. మీ నాన్న అడిగింది నన్ను కాదు, నిన్ను. జేబులోంచి ఫోను తియ్యి. ఆ వీడియో ఏ రోజు పంపావో, ఎవరికి పంపావో, పంపుతూ కింద ఏం రాశావో, అన్నీ అందులోనే ఉన్నాయి. తీసి ఆయన చేతిలో పెట్టు. ఆయనకి చిన్న అక్షరాలు కనపడవు కాబట్టి నువ్వే నీ నోటితో చదివి వినిపించు. బెర్లిన్ నుంచి వచ్చాక కాదు. నేను వంటింట్లోకి వెళ్ళాక కాదు. ఇప్పుడు చదువు. నేను ఇక్కడ నిలబడి ఉండగా చదువు."